సరదా బండి కొందామంటే... బైకా? కారా?

దుబాయ్‌లో మనవాళ్ల ఇళ్లలో మొదటి బండి గురించి పెద్దగా చర్చ ఉండదు. పిల్లల స్కూలు, వారానికి సరిపడా సరుకులు, ఎయిర్‌పోర్టులో దిగే అత్తామామలు, వాళ్ల వెంట వచ్చే ఆవకాయ జాడీలు, పెట్టెలు... ఇవన్నీ లెక్కేసుకుంటే ఏడు సీట్ల జపాన్ కారు దానంతటదే ఇంటికొచ్చేస్తుంది. చర్చంతా రెండో బండి దగ్గరే. అంటే అవసరానికి కాకుండా కేవలం సరదాకు కొనుక్కునే బండి. అది బైకయితే బాగుంటుందా, చిన్న కారయితే బాగుంటుందా అన్నది నలభై దాటిన మా బోటి ఉద్యోగుల మధ్య మధ్యాహ్నం భోజనాల దగ్గర తరచూ వచ్చే మాట.

నేను జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో, మేమంతా జాఫ్జా అని పిలుచుకునే చోట, సరుకు రవాణాకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో పనిచేస్తున్నాను. 2009లో వచ్చాను. వయసు నలభై నాలుగు. ఈ ప్రశ్నతో ఏడాదికి పైగా గడిపాను. బైకు లైసెన్స్ తీసుకున్నాను. రెండు రకాల బళ్లూ అద్దెకు తెచ్చి నడిపాను. మొన్న నవంబర్‌లో ఒకటి కొన్నాను. ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లు మనవాళ్లలో చాలామందే ఉన్నారు కాబట్టి, నాకు తెలిసొచ్చిన సంగతులు చెబుతున్నాను.

ముందు బైకు గురించే చెప్పాలి. మనసు మొదట అటే వెళ్లింది మరి. మా నాన్న ఖమ్మం దగ్గర ప్రభుత్వ బడిలో పంతులు. నాకు ఊహ తెలిసేసరికి ఇంట్లో అల్విన్ పుష్పక్ స్కూటర్ ఉండేది. ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు చేసిన మన హైదరాబాద్ అల్విన్ ఒకప్పుడు స్కూటర్లు కూడా చేసిందంటే మా ఆఫీసు కుర్రాళ్లు నమ్మరు. తర్వాత బజాజ్ చేతక్ వచ్చింది. నేను ముందు నిలబడి, చెల్లి అమ్మానాన్నల మధ్య ఇరుక్కుని, నలుగురం దాని మీదే పెళ్లిళ్లకు, పేరంటాలకు తిరిగాం. వరంగల్‌లో ఎం.టెక్ చదివేటప్పుడు ఒక సీనియర్ దగ్గర కొన్న పాత యమహా ఆర్‌ఎక్స్ 100 నా మొదటి సొంత బండి. 1985లో వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన ఆ బండికి మన ఊళ్లలో ఇప్పటికీ ఎంత గిరాకీ ఉందో తెలిసిందే. కాజీపేట నుంచి హన్మకొండ దాకా దాని చప్పుడుతోనే స్నేహితులు నన్ను గుర్తుపట్టేవారు.

ఉద్యోగం వచ్చింది, బైకు అమ్మేశాం, కారు కొన్నాం. మా తరంలో దాదాపు అందరిదీ ఇదే వరస. అప్పులు కాస్త తగ్గి, పిల్లలు కాస్త పెద్దయ్యాక ఆ అమ్మేసిన బండి మళ్లీ గుర్తొస్తుంది. నాకైతే ఆ గుర్తు రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 రూపంలో వచ్చింది. రెండు సిలిండర్లు, రెండు వందల కిలోలు దాటే బరువు, ఆర్‌ఎక్స్ కాలం నాటి ముఖం. సెకండ్ హ్యాండ్‌లో పదిహేడు వేల దిర్హమ్‌లు చెప్పారు. ఇంట్లో మాట కదిపాను.

మా ఆవిడ వద్దనలేదు. ‘‘మీకు బండి కాదు కావాల్సింది. ఎవరూ ఫోన్ చేయని రెండు గంటలు కావాలి. దానికి బైకే ఎందుకో చెప్పండి, కొనుక్కుందురుగాని’’ అంది. సమాధానం వెంటనే దొరకలేదు.

లారీల ఊళ్లో రెండు చక్రాలు

దుబాయ్ అంటే బుర్జ్ ఖలీఫా, మెరీనా అనుకునేవాళ్లకు జెబెల్ అలీ వేరే ఊరులా ఉంటుంది. 1979లో ఇక్కడ రేవు మొదలైంది, 1985లో దాని చుట్టూ ఫ్రీ జోన్ వెలిసింది. 2024లో ఈ రేవు దాటించిన సరుకు, ఇరవై అడుగుల కంటైనర్ల లెక్కన, కోటీ యాభై అయిదు లక్షలు. మా కంపెనీ కూడు కూడా ఆ కంటైనర్ల నుంచే వస్తుంది కాబట్టి ఫిర్యాదు చేయడం లేదు గానీ, ఆ పెట్టెల్లో చాలావాటిని లారీ మీద ఎక్కించి రోడ్డు మీదికి పంపాల్సిందే. పొద్దున ఆరున్నరకు జాఫ్జా గేట్ల ముందు నిలబడి చూస్తే నలభై అడుగుల ట్రైలర్లు ఒకదాని వెనక ఒకటి, చివర కనిపించదు.

కారులో వెళ్లేవాడికి అవి అడ్డు మాత్రమే. బైకు మీద వెళ్లేవాడికి సంగతి వేరు. ట్రైలర్ పక్క నుంచి దాటుతున్నంతసేపూ గాలి ఆగిపోయి, దాని ముక్కు దాటగానే ఒక్కసారిగా పక్కకు తోస్తుంది. పేలిన టైర్ల రబ్బరు ముక్కలు రోడ్డు మీద చచ్చిన పాముల్లా పడి ఉంటాయి. గాలి వీచిన మర్నాడు మలుపుల్లో సన్నటి ఇసుక పొర పరుచుకుంటుంది. నాలుగు చక్రాలకు అది తెలియను కూడా తెలియదు. రెండు చక్రాలకు అదే బ్రేకుల పరీక్ష.

ఇండియాలో ఉన్న పాఠకులకు ఒక మాట: ఇక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి, వేగంగా వెళ్లేవి ఎడమ చివరి లేన్లలో వెళ్తాయి. 2025 నవంబర్ 1 నుంచి దుబాయ్‌లో డెలివరీ బైకులు ఆ వేగపు లేన్లలోకి రాకూడదు. అయిదు, అంతకు మించి లేన్లున్న రోడ్లలో ఎడమవైపు రెండు లేన్లు, మూడు నాలుగు లేన్లున్న చోట ఎడమ చివరిది వాళ్లకు నిషిద్ధం. సొంత బైకులకు ఆ నిబంధన లేదు. కానీ మితమైన వేగంతో పోదామనుకునే నాలాంటివాడు కుడివైపుకే జరుగుతాడు. కుడివైపు ఎవరుంటారు? లారీలే.

ప్రమాదాల లెక్కలు చూడకుండా బైకు కొనకూడదన్నది నా నియమం. అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్క ప్రకారం, ప్రయాణించిన దూరాన్ని బట్టి చూస్తే కారులో ఉన్నవాళ్ల కంటే బైకు మీద ఉన్నవాళ్లు చనిపోయే అవకాశం ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో వందకు నలభై నాలుగు మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. ఇక్కడి రోడ్లు మనకంటే బాగుంటాయి, నిజమే. కానీ బాగున్న రోడ్డు మీద అందరూ గంటకు నూట ఇరవైలో పోతుంటారు.

శిక్షణ మైదానంలో

ఇండియాలో ఇరవై ఏళ్లు బైకు నడిపినా ఇక్కడ అది చెల్లదు. కారు లైసెన్స్ ఉన్నా బైకుది విడిగా తీసుకోవాల్సిందే. క్లాసులు, థియరీ పరీక్ష, మైదానంలో పరీక్ష, ఆ తర్వాత రోడ్డు మీద పరీక్ష. 2024 అక్టోబర్‌లో చేరితే జనవరికి చేతికొచ్చింది. అన్నీ కలిపి నాలుగు వేల దిర్హమ్‌లకు దగ్గరగా అయింది. కోన్‌ల మధ్య పాములా తిప్పడం, ఎనిమిది అంకె వేయడం, చెప్పిన గీత దగ్గర ఆపడం... ఆర్‌ఎక్స్ మీద నేర్చిన అలవాట్లలో సగం ఇక్కడ మరిచిపోవాల్సి వచ్చింది. బైకు కొనకపోయినా ఆ క్లాసులకు పెట్టిన డబ్బు దండగ కాదని ఇప్పటికీ అంటాను.

అయితే ఆ మైదానంలో నేర్చుకున్న అసలు పాఠం వేరు. మా బ్యాచ్‌లో సరదా కోసం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. మిగతా అందరూ డెలివరీ ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, కేరళ... వాళ్ల మధ్య జగిత్యాల నుంచి వచ్చిన ఒక కుర్రాడు. తెలుగు వినబడగానే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఊళ్లో చిన్న వ్యాపారం దెబ్బతిని ఇటు వచ్చాడట. క్లాసుల ఖర్చు అతణ్ని పనిలో పెట్టుకున్నవాళ్లే కట్టారు, జీతంలో నెలనెలా పట్టుకుంటారు. పరీక్ష తప్పితే మళ్లీ కట్టే డబ్బు కూడా అందులోనే కలుస్తుంది.

‘‘నువ్వెందుకన్నా బండి నేర్చుకునుడు? కారున్నది గద’’ అని అడిగాడు.

ఊరికే, సరదాకని చెప్పాను. నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు.

‘‘మంచిదే. పొద్దుగాల పోయి పొద్దుగాలనే రాన్రి. పగటీలి మాత్రం వద్దన్నా. సిగ్నల్ కాడ నిలవడ్తె కింద రోడ్డు సెగ, కాళ్ల నడుమ ఇంజన్ సెగ. పైన టోపీల చెమట కండ్లల్లకు దిగుతది, తుడ్సుకుందామంటె చెయ్యి పోదు’’ అన్నాడు.

అతను రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యాడు. నేను మొదటిసారే పాసయ్యాను. తప్పితే నాకు పోయేదేమీ లేదు, అందుకే చేయి వణకలేదు. అతని మూడో పరీక్ష రోజు నాకు ఫోన్ చేసి చెప్పినప్పుడు, నా పరీక్ష అయినప్పటి కంటే ఎక్కువ సంతోషం వేసింది.

దుబాయ్‌లో బైకు అంటే రెండే రెండు అర్థాలు. ఒకటి వెనక పెట్టె కట్టుకుని బిర్యానీ చేరవేసే బండి. రెండోది శనివారం పొద్దున తోలు జాకెట్లతో గుంపుగా వెళ్లే హార్లీలు. మన ఊళ్లో పంతులు, కూరగాయలాయన, కలెక్టరాఫీసు గుమాస్తా అందరూ ఎక్కే బైకు ఇక్కడ లేదు. నేను వెతుకుతున్నది ఆ మూడో బండిని. అది ఇక్కడి రోడ్ల మీద లేదని ఆ మైదానంలోనే అర్థమైంది.

ఎండ లెక్క

ఇంజినీర్‌ని కాబట్టి దీన్ని లెక్కగట్టకుండా వదల్లేకపోయాను. మన ఒంటి చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. వీచే గాలి అంతకంటే చల్లగా ఉంటే చల్లబరుస్తుంది. అంతకంటే వేడిగా ఉంటే, బండి ఎంత వేగంగా పోతే అంత వేడిని తెచ్చి మీద పోస్తుంది. అప్పుడు మనల్ని కాపాడేది చెమట ఆరడం ఒక్కటే. ఎడారి లోపల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట ఆరుతుంది, ఒంట్లో నీరు కూడా అంతే వేగంగా పోతుంది. జెబెల్ అలీ సముద్రం పక్కనే ఉంది. ఆగస్టులో రాత్రి తొమ్మిదింటికి కూడా కళ్లద్దాలు మసకబారేంత ఉక్క. చెమట కారుతుంది తప్ప ఆరదు. దాని మీద మోకాళ్లకు, మోచేతులకు దిండ్లున్న జాకెట్, చేతికి గ్లోవ్స్, తలకు హెల్మెట్. హెల్మెట్ లేకపోతే 500 దిర్హమ్‌ల జరిమానా, 4 బ్లాక్ పాయింట్లు. జాకెట్ లేకపోతే జరిమానా లేదు గానీ, అది లేకుండా వెళ్లడానికి నేను ఒప్పుకోను.

2025 ఆగస్టు 1న అల్ అయిన్ దగ్గరి స్వైహాన్‌లో 51.8 డిగ్రీలు నమోదైంది. అలాంటి రోజులు కొన్నే అనుకున్నా, మే నుంచి సెప్టెంబర్ చివరిదాకా సరదా అనే మాటకు చోటు లేదు. అక్టోబర్ సగం గడిచాక మొదలై, ఏప్రిల్ మధ్యలో ముగిసే సీజన్ ఇది. అందులో పొగమంచు కమ్మే తెల్లవారుజాములు తీసేయాలి. ఊరెళ్లే సంక్రాంతి వారం తీసేయాలి, పిల్లల పరీక్షల వారాలు తీసేయాలి. నాకు తేలింది ఏడాదికి పద్దెనిమిది ఉదయాలు. జాగ్రత్తగా లెక్కేస్తే మీకూ అంతకు పెద్దగా ఎక్కువ రావు.

ఎండలో పనిచేసేవాళ్లకు ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు విరామం ఇస్తారు. డెలివరీ కుర్రాళ్ల కోసం ఏసీ గదులు కూడా కట్టారు. ఆ గదుల్లో ఒకదాని ముందు జులైలో ఆగి చూశాను. లోపల పదిమందికి పైగా ఉన్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. గోడకు తలలు ఆనించి కళ్లు మూసుకున్నారు.

కారు వైపు చూస్తే

సరదా కారు అనగానే స్నేహితులు మూడు దారుల్లోకి లాగారు. ఒక వర్గం ‘‘సుజుకి జిమ్నీ తీసుకో, ఎడారిలోకి వెళ్దాం’’ అంది. ఇసుకలో తిరగడం నిజంగా సరదానే. టైర్లలో గాలి సగానికి తగ్గించి, తిన్నె ఎక్కేటప్పుడు కాలు తీయకుండా ఉండటం ఒక విద్య. కానీ ఒంటరిగా వెళ్లకూడదు, కనీసం రెండు బండ్లుండాలి. అంటే ప్రతిసారీ పదిమంది వాట్సాప్‌లో తేదీ కుదుర్చుకోవాలి. మనవాళ్ల సంగతి తెలిసిందే. తేదీ కుదిరేసరికి ఎండాకాలం వచ్చేస్తుంది. రెండో వర్గం మస్టాంగ్ అంది. అది నాకు సరిపడదు. నూట ఇరవై దాటితే రాడార్ పట్టే ఊళ్లో నాలుగు వందల గుర్రాలను కట్టేసి ఉంచడం ఎందుకు? పైగా సైలెన్సర్ మార్చి చప్పుడు చేస్తే 2,000 దిర్హమ్‌లు, 12 బ్లాక్ పాయింట్లు. ఇరవై నాలుగు పాయింట్లు నిండితే లైసెన్స్ పక్కన పెట్టేస్తారు.

మూడోది మజ్దా ఎంఎక్స్-5. మియాటా అని ముద్దుపేరు. 1989లో వచ్చింది, 2016కల్లా పది లక్షలు అమ్ముడైంది. రెండే సీట్లు, టన్ను బరువు, మడతపడే పైకప్పు. యాభై అరవైలో వెళ్తున్నా మలుపు తిరిగితే బండి ఏం చేస్తోందో చేతికి తెలుస్తుంది. బైకుకు అతి దగ్గరగా వచ్చే కారు ఇదేనని నా అభిప్రాయం. గేరుది కొనాలనుకునేవాళ్లు ముందు లైసెన్స్ తీసి చూసుకోండి. మనవాళ్లలో చాలామంది తేలికగా అయిపోతుందని ఆటోమేటిక్ లైసెన్స్ తీసుకున్నారు. దాంతో గేరు కారు నడపకూడదు.

సెకండ్ హ్యాండ్ బజారులో రెండు రకాల కార్ల దగ్గర జాగ్రత్త పడాలి. ఒకటి, అమెరికాలో ప్రమాదానికి గురై, అక్కడ బీమా కంపెనీ వదిలేస్తే ఇక్కడికి తెచ్చి అతికించి అమ్మేవి. చూడటానికి మిలమిల్లాడుతుంటాయి, ధర మూడో వంతు తక్కువ ఉంటుంది. ‘జీసీసీ స్పెక్’ అని రాసి ఉన్నదే, అంటే ఈ ఎండలకు తగినట్టు రేడియేటర్, ఏసీ అమర్చి ఇక్కడే కొత్తగా అమ్మినదే తీసుకోవాలి. రెండోది, 2024 ఏప్రిల్ 16 నాటి వాన నీళ్లలో మునిగినవి. 1949లో లెక్కలు రాయడం మొదలయ్యాక ఈ దేశం అంత వాన చూడలేదు. ఆ రోజు బేస్‌మెంట్లలో, అండర్‌పాస్‌లలో ఎన్ని కార్లు నీళ్లు తాగాయో మేమంతా కళ్లారా చూశాం. సీటు పట్టాల కింద తుప్పు, కార్పెట్ కింద వాసన, డిక్కీలో స్టెప్నీ గుంటలో మట్టి... ఈ మూడూ చూడండి. టైరు మీద నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అరుగు ఎంత ఉన్నా, ఇక్కడి ఎండకు అయిదేళ్లు దాటిన టైరును నమ్మొద్దు.

నేను ఊహించని ఖర్చు పార్కింగ్. మేముండేది డిస్కవరీ గార్డెన్స్‌లో. 2026 జనవరి నుంచి అక్కడ డబ్బు కట్టి నిలపాల్సిన పద్ధతి వచ్చింది. ఫ్లాటుకు ఒక బండికే ఉచితం. రెండో కారుకు విడిగా కట్టాలి, అదేమీ చిన్న మొత్తం కాదు. చివరికి ఆఫీసు పార్కింగ్‌లో అనుమతి తెచ్చుకుని అక్కడే ఉంచుతున్నాను. సరదా బండి కొనేముందు దాన్ని ఎక్కడ పెడతారో తేల్చుకోండి, రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

బీమా విషయంలో కారు సులువు. బైకుకు నేను అడిగిన నాలుగు చోట్ల రెండు చోట్ల ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే ఇస్తామన్నారు. అంతకంటే ముఖ్యమైనది ఆరోగ్య బీమా, ఇండియాలో కట్టే టర్మ్ పాలసీ. రెండూ తీసి చదివాను. నా ఆరోగ్య బీమాలో బైకు పోటీలకు మినహాయింపు ఉంది, మామూలుగా నడిపితే లేదు. టర్మ్ పాలసీలో బైకు అలవాటు ఉందా అని ఒక ప్రశ్న ఉండేది, కొన్న తర్వాత అలవాటు మొదలైతే చెప్పాలా అని రాతపూర్వకంగా అడిగి జవాబు తెచ్చుకున్నాను. ఇది అతి జాగ్రత్త కాదు. ఇంట్లో మిగతా ముగ్గురి వీసాలు నా వీసాకే వేలాడుతున్నాయి. నా కాలు విరిగి ఆరు నెలలు మంచం పడితే అది ఎముకల డాక్టరుతో పోయే సంగతి కాదు. స్కూలు ఫీజు, ఇంటి అద్దె చెక్కులు, అన్నీ ఆ కాలుకే కట్టి ఉన్నాయి.

రెండు శనివారాలు

లైసెన్స్ వచ్చాక 2025 ఫిబ్రవరిలో ఇంటర్‌సెప్టర్ అద్దెకు తెచ్చాను. తెల్లవారి అయిదున్నరకు బయల్దేరి మలీహా మీదుగా హత్తా దాకా వెళ్లాను. లారీలు లేవు. గాలి చల్లగా ఉంది. మలీహా దాటాక ఎర్ర ఇసుక మీద సూర్యుడు లేచాడు. పక్కన ఎవరూ లేరు, చెవిలో ఎవరి గొంతూ లేదు, ఆఫీసు గ్రూపులో ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో తెలియదు. హత్తా డ్యామ్ దగ్గర టీ తాగుతుంటే చేతులు సన్నగా అదురుతున్నాయి, ముఖం మీద నవ్వు చెరగలేదు. పద్దెనిమిదేళ్ల తర్వాత ఒంటికి తెలిసిన పని మళ్లీ చేసినట్టనిపించింది. ఆనందం ఒక్కటే కొలిస్తే బైకే గెలిచింది, అందులో సందేహం లేదు. ఇంటికొచ్చాక మా ఆవిడ ఏమీ అడగలేదు. పొద్దున అయిదున్నర నుంచి మెలకువగానే ఉందని పిల్లాడు చెప్పాడు.

రెండు వారాల తర్వాత మియాటా తెచ్చాను. ఒక్కణ్నే వెళ్దామనుకుంటే, పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయి ‘‘నేనూ వస్తా నాన్నా’’ అంది. రాస్ అల్ ఖైమాలోని జెబెల్ జైస్‌కు వెళ్లాం. 1,934 మీటర్ల కొండ, మన తూర్పు కనుమల్లో ఏ శిఖరం కన్నా ఎత్తు. మలుపులు మొదలయ్యాక కప్పు తీశాం. గాలి చప్పుడుకు పాటలు వినబడవు, అందుకని పాటలు ఆపేశాం. సగం ఎక్కాక తను మెల్లగా మొదలుపెట్టింది. ఇంజినీరింగ్ చదవాలని లేదట. లా చదవాలట, అదీ ఇండియాలోనే. అమ్మకు ఆర్నెల్ల క్రితమే చెప్పిందట. నాకు ఎందుకు చెప్పలేదంటే, ‘‘ఎప్పుడు చెప్పను? కారులో ఎక్కితే తమ్ముడుంటాడు, లేకపోతే నీ కాల్ ఉంటుంది’’ అంది. ఇద్దరం ఎదురుగా ఉన్న రోడ్డునే చూస్తున్నాం. ఎదురెదురుగా కూర్చుని ఉంటే ఆ మాట అంత తేలిగ్గా వచ్చేది కాదేమో. దిగేటప్పుడు ఒక్క ఫీజుల గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడుకున్నాం.

ఇంకో ఏడాదిన్నరలో తను వెళ్లిపోతుంది. నా లెక్కలో బైకు ఉదయాలు ఏడాదికి పద్దెనిమిది. ఆ పద్దెనిమిదీ నేనొక్కణ్నే వెళ్లాల్సినవి. ఈ లారీల మధ్య వెనక సీటు మీద పిల్లల్ని కూర్చోబెట్టే ధైర్యం నాకు లేదు. మియాటాకూ ఎండాకాలంలో కప్పు తీయలేం, కానీ కప్పు వేసి ఏసీ పెట్టుకుని ఆగస్టులోనైనా వెళ్లొచ్చు. వేసవంతా ఆగి, దసరా దాటాక వెతకడం మొదలుపెట్టి, నవంబర్‌లో 2019 మోడల్ ఒకటి కొన్నాను. జీసీసీ స్పెక్, గేరుది, నీళ్లలో మునగనిది. ముల్కియా నా పేరున వచ్చిన రోజు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాం. కిందటి వేసవిలో పుట్టింటి నుంచి తెచ్చి ఫ్రిజ్‌లో దాచిన కుంకుమతో మా ఆవిడ బొట్టు పెట్టింది. పక్క కారు ఫిలిప్పీన్స్ దంపతులు ఫోటోలు తీసుకున్నారు.

బైకు లైసెన్స్ ఊరికే పోలేదు. అంతకుముందు జులైలో సెలవుకు వెళ్లినప్పుడు విశాఖలో బైకు అద్దెకు తీసుకుని అరకు వెళ్లాం. అనంతగిరి ఘాట్‌లో సన్న తుంపర, కాఫీ తోటల వాసన, మలుపు మలుపుకీ మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్లు. ఇద్దరికీ హెల్మెట్లు. హత్తాకు వెళ్లినప్పుడు నిద్రపోని మనిషి, అరకు దారిలో వెనక కూర్చుని ‘‘ఇంకాస్త వేగంగా పోనీయండి, ఎడ్లబండిలా ఉంది’’ అంది. ఏడాదికి అలాంటివి మూడు రోజులు దొరికితే నాకు చాలు. అద్దె బైకుకు పార్కింగ్ గొడవా ఉండదు.

జగిత్యాల కుర్రాడు ఇప్పుడు మా వైపే డెలివరీలు చేస్తున్నాడు. ఓ రాత్రి మా బిల్డింగ్ కింద మియాటాను చూసి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. లోపలికి తొంగి చూసి, ‘‘గింత పైస వెట్టి ఇద్దరే కూసునేది కొన్నవా అన్నా?’’ అన్నాడు. ఎక్కమన్నాను. ఇంకో ఆర్డర్ ఉందని, ఆలస్యమైతే కోత పడుతుందని వెళ్లిపోయాడు. సెలవు దొరికిన రోజు జైస్ దాకా తీసుకెళ్తానని మాటిచ్చాను. ఇంకా కుదరలేదు.

రెండు సీట్ల బండితో ఇంట్లో కొత్త తగువు ఒకటి మొదలైంది. ఎవరి వంతు ఎప్పుడని ఫ్రిజ్ మీద కాగితం అంటించాం. ఈ శనివారం ఆరో తరగతి వాడిది. వాడికి కొండలు, మలుపులు అక్కర్లేదట. పది నిమిషాల దూరంలో షేక్ జాయెద్ రోడ్డు పక్కన లాస్ట్ ఎగ్జిట్ ఉంది కదా, అక్కడ కప్పు తీసి బర్గర్ తినాలట. టిష్యూ పేపర్లు ఎక్కువ పెట్టుకోవాలి.